గాజువాక ఆటోనగర్‌లో మా పాత కారు గేర్ రాడ్ మరమ్మతు

మా 1990 నాటి మాజ్డా ఎమ్‌ఎక్స్-5 కారులో గేర్ రాడ్ కొన్ని నెలలుగా వదులై, గేరు పడిన తర్వాత కూడా బొటనవేలి వెడల్పున అటూ ఇటూ ఊగుతుండేది. నగరంలోని ఒక పెద్ద వర్క్‌షాపువారు బండి కిందికి తొంగి కూడా చూడకుండానే గేర్‌బాక్స్ దించాలని చెప్పడం నాకు చాలా బాధ కలిగించింది.

ఆటోనగర్‌లోని ఒక చిన్న షెడ్డు మెకానిక్ మాత్రం సీట్ల మధ్యనున్న కన్సోల్ విప్పి, మూడు బోల్టులు తీసి, రాడ్‌ను నిలువుగా పైకి లాగి చూపించారు. ఈ కారులో రాడ్ నేరుగా గేర్‌బాక్స్ మీదే కూర్చుంటుంది కాబట్టి, దాని అడుగున గుండును పట్టి ఉంచే నైలాన్ బుష్ అనే చిన్న తొడుగు అరిగితే ఆ వదులంతా చేతికే తెలుస్తుంది. మా బుష్ పగిలి రెండు ముక్కలై ఉంది. పైన రాడ్‌ను కప్పి ఉంచే రబ్బరు ముసుగు (బూట్) చిరిగి ఉండటం చూశాక, కాళ్ల దగ్గర వేడిగాలి ఎందుకు కొడుతోందో కూడా అప్పుడే అర్థమైంది.

విడిభాగాలు విదేశం నుంచి తెప్పించుకోవడానికి మూడు వారాలు పట్టినా, పని రెండు గంటల్లో ముగిసింది. రాడ్ కూర్చునే గూటిలోని పాత నూనెను సిరంజితో తోడి, జీఎల్-4 రకం, 75డబ్ల్యూ-90 చిక్కదనం గల గేర్ నూనె పోశారు. జీఎల్-5 నూనెలోని గంధక రసాయనాలు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకు హాని చేయగలవని ఆయనే హెచ్చరించారు. కూలీ 1,200 రూపాయలు తీసుకున్నారు. మరుసటి ఉదయం భీమిలి బీచ్ రోడ్డులో రెండు నుంచి మూడుకు గేరు మార్చినప్పుడు, రాడ్ టక్కున పడి కదలకుండా నిలిచింది.