జర్మనీలో ఇంటికొచ్చే హెబామె: రెండేళ్లు దాటాక నా రివ్యూ

జర్మనీలో పసిపిల్లల వైద్యం ఎలా ఉంటుందని అడిగితే అందరూ చెప్పే మాటలు ఎలాగూ ఉన్నాయి. బిడ్డకి నాన్న ఇన్సూరెన్స్‌లోనే అదనపు ఖర్చు లేకుండా చోటు దొరుకుతుంది, బిడ్డ పరీక్షల వివరాలన్నీ రాసే పసుపు రంగు పుస్తకం ఇస్తారు, పుట్టిన రోజు నుంచి వరసగా యూ1, యూ2 అంటూ యూ9 దాకా డాక్టర్ పరీక్షలుంటాయి. అవన్నీ నిజమే, వాటిని నేను మళ్లీ రాయను. నాకు రాయాలనిపించింది ఒక్క హెబామె గురించే. అంటే కాన్పయ్యాక ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనీ చూసి వెళ్లే మంత్రసాని. నర్సు అనుకుంటారు చాలామంది, కాదు, మూడేళ్ల పైచిలుకు చదువు, లైసెన్సు ఉన్న వృత్తి. ఈ దేశంలో నేను వాడిన సేవలన్నిట్లో నాకు మనస్ఫూర్తిగా నచ్చింది ఇదొక్కటే. రైళ్ల గురించి, ఇంటర్నెట్ కనెక్షన్ గురించి నన్ను అడగకండి.

మా పాప 2023 జనవరిలో స్టుట్‌గార్ట్‌లో పుట్టింది. మాది ప్రభుత్వ పద్ధతి ఇన్సూరెన్స్. అప్పుడున్న లెక్క ప్రకారం మొదటి పది రోజులు హెబామె రోజూ రావచ్చు, ఆ తర్వాత పన్నెండు వారాలు నిండేలోపు ఇంకో పదహారు సార్లు, అవసరాన్ని బట్టి. మనం పైసా కట్టక్కర్లేదు, వచ్చినప్పుడల్లా ఒక కాగితం మీద సంతకం పెడితే ఆవిడ బిల్లు నేరుగా ఇన్సూరెన్స్‌కి పంపుకుంటుంది.

ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. యాభై దాటిన మనిషి, సైకిల్ మీద వచ్చింది, బూట్లు గుమ్మంలోనే విప్పింది (మా అమ్మ దగ్గర అక్కడే మార్కులు కొట్టేసింది), చేతులు కడుక్కుని సంచీలోంచి కొక్కెం ఉన్న తూకం, ఒక గుడ్డ తీసింది. మన అంగన్‌వాడీలో పిల్లల్ని వేలాడదీసి తూచే కాటా లాంటిదే. ఇంత దేశంలో ఇదేంటి అనుకున్నా. ఖమ్మం నుంచి వచ్చిన మా అమ్మ మాత్రం "ఇది మాకు తెలుసు" అన్నట్టు తలాడించింది.

ఇక అసలు సంగతి. ఆసుపత్రి నుంచి మమ్మల్ని మూడో రోజు పంపించేశారు. యూ2 పరీక్ష అక్కడే అయిపోయింది, మడమ నుంచి రక్తం తీశారు, విటమిన్ కె చుక్కలు వేశారు (ఇక్కడ ఇంజెక్షన్ కాకుండా నోట్లో వేస్తారు, యూ1, యూ2, యూ3ల్లో మూడు విడతలుగా), అంతా బాగుందని రాసిచ్చారు. ఇంటికొచ్చాక పాప బాగా నిద్రపోతోంది. ఎంత బాగా అంటే పక్కింటివాళ్లు కూడా మెచ్చుకునేంత. అమ్మ కూడా "బంగారు తల్లి, ఏడుపే లేదు" అని మురిసిపోతోంది. ఒంటి రంగు కాస్త పచ్చగా అనిపించింది కానీ జనవరి నెల, మధ్యాహ్నం మూడింటికే లైట్లు వేసుకునే రోజులు, పచ్చటి బల్బు వెలుతురులో అందరం పచ్చగానే ఉన్నాం.

ఆదివారం పొద్దున ఆవిడ వచ్చింది. వస్తూనే పాపని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి బట్టలన్నీ విప్పింది. ముక్కు మీద వేలితో నొక్కి వదిలింది, తర్వాత గుండె మీద, తర్వాత బొడ్డు కింద, తర్వాత తొడ మీద. నొక్కి వదిలిన చోట చర్మం తెల్లగా కాకుండా పచ్చగా కనిపిస్తే పసుపు అక్కడిదాకా దిగిందని లెక్కట. పసికందుల్లో కామెర్లు తల నుంచి మొదలై కిందికి దిగుతాయని అప్పుడే తెలిసింది నాకు. తర్వాత తూచింది. పుట్టినప్పుడు 3,100 గ్రాములు, ఆ రోజు 2,760. మొదటి రోజుల్లో పిల్లలు కొంచెం తగ్గడం మామూలే, పదిశాతం దాటితేనే ఆలోచించాలట. మా పాప దాటింది. పాలు తాగేటప్పుడు రెండు గుటకలు వేసి నిద్రపోతోంది, ఆ నిద్రని మేమేమో సుఖం అనుకుంటున్నాం.

అమ్మ "మా ఊళ్లో అయితే పొద్దుటి ఎండలో పడుకోబెడతాం, తగ్గిపోతుంది" అంది. నేను జర్మన్‌లోకి మార్చి చెప్పా. ఆవిడ నవ్వలేదు, కసురుకోలేదు కూడా. ఎండలో బట్టల్లేకుండా పెడితే బిడ్డ చల్లబడుతుంది, కావలసిన వెలుతురు ఎంత పడుతోందో కొలవలేం, పైగా ఇక్కడ ఎండేదీ అని కిటికీ వైపు చెయ్యి చూపించింది. అమ్మకి అనువాదం అక్కర్లేకుండానే అర్థమైంది.

తర్వాత ఆవిడ చేసిన పని కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను. ఆసుపత్రికి వెళ్లండి అని ఊరికే చెప్పి వెళ్లిపోలేదు. మా ఆయన్ని కూర్చోబెట్టి ఒక కాగితం మీద ఐదారు లైన్లు రాసింది. పుట్టినప్పటి బరువు, ఇప్పటి బరువు, ఎంత శాతం తగ్గింది, ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని డైపర్లు తడిశాయి, చివరిసారి పాలు ఎప్పుడు తాగింది, పసుపు బొడ్డు కిందికి దిగింది, లేపితే లేవడం కష్టంగా ఉంది. కింద తన ఫోన్ నంబర్. ఆ కాగితాన్ని పసుపు పుస్తకంలో పెట్టి, కౌంటర్ దగ్గర ముందు ఇదే ఇవ్వండి, మీరు కథ చెప్పొద్దు అంది.

పిల్లల ఎమర్జెన్సీలో ఆదివారం రద్దీ తెలిసిందే. కౌంటర్‌లో ఉన్నావిడ పాప ముఖం చూసి, పుట్టిన పిల్లల్లో సగం మందికి పైగా పచ్చబడతారు, రేపు మీ పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు, లెక్క నిజమే, చాలామందికి అదే తగ్గుతుంది కూడా. కానీ మా ఆయన జర్మన్ బీ1 స్థాయి. ఆఫీసులో మీటింగ్‌లకి సరిపోతుంది కానీ చేతిలో పసిబిడ్డతో నిలబడి వాదించడానికి సరిపోదు. "చాలా నిద్రపోతోంది" అన్నాడు. ఎవరైనా నవ్వేస్తారు ఆ మాటకి, నవజాత శిశువు నిద్రపోతోందని ఎమర్జెన్సీకి వచ్చారా అని. అప్పుడు కాగితం ఇచ్చాడు. ఆవిడ చదివింది, లేచి లోపలికెళ్లింది, నర్సుతో తిరిగొచ్చింది. మా ముందు కూర్చున్న కుటుంబాలన్నీ మమ్మల్ని చూస్తూనే ఉన్నాయి.

నుదుటి మీద చిన్న పరికరం పెట్టి ఫ్లాష్ లాగా వెలిగించి పసుపు ఎంతుందో కొలిచారు, నమ్మకం కుదరక రక్తం కూడా తీశారు. ఆ వయసుకి చికిత్స మొదలుపెట్టాల్సిన గీత దాటిందన్నారు. కళ్లకి గంతలు కట్టి, ఒంటి మీద డైపర్ ఒక్కటే ఉంచి నీలం లైటు కింద పడుకోబెట్టారు. పాలిచ్చే తల్లిని కదా, నన్ను పాపతోపాటే ఉండనిచ్చారు. ఆ రాత్రి ఎలా గడిచిందో ఇప్పుడు రాయలేను. మర్నాడు సాయంత్రానికి తగ్గుముఖం పట్టింది, తర్వాత ఇంటికి పంపారు.

ఇంటికొచ్చాక ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది. పాలు పిండే పంపు కొనొద్దు, డాక్టర్ చీటీ రాస్తే మందుల షాపులో అద్దెకిస్తారు, డబ్బు ఇన్సూరెన్స్ కడుతుంది అని చెప్పింది. ఆ సంగతి ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. విటమిన్ డి మాత్రని చెంచాలో కాసిని పాలలో కరిగించి పట్టడం చూపించింది. పాప బరువు పుట్టినప్పటి అంకెకి తిరిగొచ్చిన రోజు అమ్మ ఆవిడకి అరిసెలు కట్టి ఇచ్చింది.

అమ్మకీ ఆవిడకీ మధ్య జరిగిన యుద్ధాలూ చెప్పాలి. స్నానం మీద మొదటిది. మన దగ్గర రోజూ నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని వేడినీళ్లు పోస్తేగానీ పెద్దవాళ్లకి తృప్తి ఉండదు, ఇక్కడేమో బొడ్డు ఊడాక వారానికి ఒకట్రెండు సార్లు చాలంటారు. సాంబ్రాణి వేసిన రోజు పైకప్పుకి బిగించిన పొగ అలారం మోగి బిల్డింగ్ అంతా తలుపులు తీసింది, ఆ గొడవ అక్కడితో దానంతటదే తీరింది. నూనె మర్దనాకి ఆవిడ పూర్తిగా మద్దతు, పైగా అమ్మ చేతులు చూసి నేర్చుకుంటానని పక్కన కూర్చుంది. రెండింటికి మాత్రం ఖచ్చితంగా వద్దంది. ఒకటి కంటికి కాటుక, ఇంకొకటి ఏడాదిలోపు తేనె. కాటుకలో సీసం ఉండొచ్చు, తేనె వల్ల పసిపిల్లలకి బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ఇది జర్మన్ చాదస్తం కాదు, మన దగ్గర పిల్లల డాక్టర్లు చెప్పేదీ ఇదే. కాటుక చుక్క అరికాలికి మారింది, రాజీ కుదిరింది.

ఇన్ని పొగిడాను కదా, రెండేళ్లు దాటాక వెనక్కి చూస్తే కొన్ని మెలికలు కూడా చెప్పాలి. ఒకటి, ఆవిడ దొరకడం మా అదృష్టం. కడుపుతో ఉన్నానని తెలిసిన వారాల్లోనే మెయిళ్లు పెట్టడం మొదలుపెట్టా, చాలామంది జవాబే ఇవ్వలేదు, ఇచ్చినవాళ్లు జనవరి నిండిపోయిందన్నారు. అమ్మేలి అని హెబామెల సంఘం వాళ్ల వెబ్‌సైట్ ఉంది, ఇన్సూరెన్స్ సంస్థల జాబితా కూడా ఉంది, కానీ పేరు ఉన్నంత మాత్రాన ఖాళీ ఉన్నట్టు కాదు. బెర్లిన్‌లో నా స్నేహితురాలికి చివరిదాకా ఎవరూ దొరకలేదు. రెండు, పోతపాల మాటెత్తితే ఆవిడ ముఖం మారేది. నా పాలు సరిపోని రోజుల్లో ఆ ముఖం నాకు అదనపు టెన్షన్. మూడు, పాపకి గ్యాస్ పట్టేస్తే హోమియో గోళీలు ఇమ్మంది. జర్మనీలో ఇది మామూలే, మన దగ్గర గ్రైప్ వాటర్‌ని తిట్టి ఇది ఇవ్వడం ఏంటో నాకైతే అర్థం కాలేదు, తీసుకుని డ్రాయర్‌లో పెట్టా. ఆవిడ సెలవు మీద వెళ్లిన వారం బదులుగా చూసినావిడ ఫోన్‌లోనే అన్నీ తేల్చేసింది, అది అసలు అదే సేవ అనిపించలేదు. కాబట్టి నేను మెచ్చుకుంటున్నది పద్ధతినా, ఆ మనిషినా అంటే, నాకే పూర్తిగా తెలియదు.

అన్నిటికంటే పెద్ద లోటు పన్నెండు వారాలు నిండాక తెలుస్తుంది. పాలు పట్టడంలో ఇబ్బందులుంటే ఆ తర్వాత కూడా కొన్నిసార్లు అడగొచ్చు, కానీ జ్వరం, దద్దుర్లు, టీకాలు ఆవిడ పరిధి కాదు. ఇక అంతా పిల్లల డాక్టరే. కొత్త పేషెంట్లని తీసుకోవడం లేదని బోర్డు పెట్టిన క్లినిక్‌లు ఎన్నో, ఫోన్ ఎత్తేది పొద్దున కాసేపు, ఎత్తినా క్యూలో సంగీతం. అందుకే డాక్టర్‌ని కూడా కాన్పుకి ముందే చూసిపెట్టుకోండి, నాలుగైదు వారాలకి వచ్చే యూ3కి తప్పకుండా కావాలి. తుంటి ఎముకల స్కానింగ్ కూడా పిల్లలందరికీ అప్పుడే చేస్తారు. ఇండియా వెళ్లే ఆలోచన ఉంటే బీసీజీ సంగతి ఆ డాక్టర్‌తోనే మాట్లాడాలి, ఇక్కడ 1998 నుంచి ఆ టీకా సిఫార్సు చేయడం లేదు. మా పాప భుజం మీద మచ్చ లేదేంటని ఖమ్మంలో అడగనివాళ్లు లేరు. పాప డేకేర్‌లో చేరాక నెలకో జ్వరం తెచ్చుకునేది, అర్ధరాత్రి 116117కి (క్లినిక్‌లు మూసిన వేళల్లో డాక్టర్ కోసం చేసే నంబర్) ఫోన్ చేసి నాకొచ్చిన జర్మన్‌లో చెప్పుకోవాలి. అప్పుడు ఆవిడ నేర్పిన ఆ కాగితం పద్ధతే వాడుతున్నాం. ఎంత జ్వరం, ఎప్పటి నుంచి, ఎంత తాగింది, ఎన్ని డైపర్లు, ఏ మందు ఏ గంటకి ఇచ్చాం. ముందు రాసుకుని, తర్వాత ఫోన్.

ఎవరికి రికమెండ్ చేస్తానంటే, దొరికితే అందరికీ. కానీ నా అనుభవాన్ని మీ లెక్కలోకి యథాతథంగా తీసుకోకండి. నెలలు నిండి పుట్టిన ఒక్క బిడ్డ, ఇంట్లో అమ్మ, కొద్దో గొప్పో జర్మన్ వచ్చిన భర్త, ప్రభుత్వ ఇన్సూరెన్స్ మాకున్నాయి. ప్రైవేట్ ఇన్సూరెన్స్ అయితే మీ ఒప్పందంలో హెబామె ఖర్చు ఎంతవరకు వస్తుందో ముందే రాతపూర్వకంగా అడగండి, ఒక్కో ఒప్పందం ఒక్కోలా ఉంటుంది. నెదర్లాండ్స్‌లో ఉన్న మా కజిన్ అయితే నేను ఇంత రాస్తే నవ్వింది, అక్కడ మొదటి వారంలో మనిషి రోజుకి కొన్ని గంటలు ఇంట్లోనే ఉండి తల్లికి టిఫిన్ కూడా చేసిపెడుతుందట. దానికి నా దగ్గర జవాబు లేదు. మా హెబామె టిఫిన్ చేసిపెట్టలేదు, మా అమ్మ చేసిన ఉప్మా తిని వెళ్లేది.