రెండేళ్లు బయోటిన్ వాడాను: జుట్టు సంగతి సరే, థైరాయిడ్ రిపోర్టు మాటేమిటి?

జుట్టుకు, గోళ్లకు మంచిదని వేసుకునే బి విటమిన్ బయోటిన్, కొత్తగా చెప్పనక్కరలేదు. నలభై దాటిన ఆడవాళ్లు నలుగురు కలిస్తే కాల్షియం, డి విటమిన్ తర్వాత వచ్చే పేరు అదే. నేను వాడింది 10 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకొకటి, రెండేళ్ల పైచిలుకు. నాకు 49 ఏళ్లు. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని పదేళ్లుగా 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. గొడవంతా అక్కడే వచ్చింది.

ముందు మంచి చెబుతాను. చికున్‌గున్యా తగ్గిన మూడో నెలలో దువ్వెన పెడితే చాలు, జుట్టు కుచ్చులుగా ఊడి వచ్చేది. స్నానాల గది జాలీకి చుట్టుకున్న ఉండలు రోజూ నేనే తీసేదాన్ని, ఇంట్లో ఎవరూ చూడకుండా. మాత్ర మొదలుపెట్టిన నాలుగు నెలలకు రాలడం ఆగింది. పాపిట పక్కన చిన్న వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపించిన రోజు అద్దం ముందు నుంచి కదలలేదు. అక్కకు చెప్పాను, వదినకు చెప్పాను. మా ఆయన చేత కూడా నెల రోజులు మింగించాను. ఆయన బట్టతల చెక్కుచెదరలేదు.

ఏడాదిన్నర గడిచాక మామూలుగా చేయించుకునే థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయమని తరిమే హార్మోను) అడుగంటింది, టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోను) పైకి పోయింది. మాత్ర మోతాదు ఎక్కువైందని 50కి తగ్గించారు. ఆరు వారాల తర్వాత మళ్లీ అదే తీరు. 25కి దించారు. కాగితం మీద నాది పరుగులు పెట్టే థైరాయిడ్. ఒంట్లో చూస్తే గుండెదడ లేదు, చేతుల వణుకు లేదు. మే నెలలో దుప్పటి కప్పుకుంటున్నాను, మధ్యాహ్నం కూర గిన్నె ముందు కూర్చునే కునికిపాట్లు. నాలుగు కిలోలు పెరిగాను. వయసు మహిమ అన్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను.

చివరికి వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే రిపోర్టు పక్కన పెట్టి నా మొహం చూశారు. ‘‘ఏమేమి మందులు వాడుతున్నారమ్మా?’’

‘‘థైరాయిడ్ మాత్ర ఒక్కటేనండీ.’’

‘‘జుట్టుకో, గోళ్లకో ఏమైనా?’’

‘‘అది మందు కాదండీ, విటమిన్.’’

ఆవిడ పెన్ను కింద పెట్టి నవ్వారు. వారం రోజులు బయోటిన్ ఆపి, మళ్లీ రక్తం ఇమ్మన్నారు. ఈసారి టీఎస్‌హెచ్ 14, ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ; ఒంటికి థైరాయిడ్ హార్మోను చాలడం లేదన్నమాట. అంటే నెలల తరబడి నాకు కావలసిన మాత్రను తగ్గించుకుంటూ వచ్చాం!

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. కొన్ని యంత్రాలు హార్మోనును పట్టుకోవడానికి బయోటిన్‌నే కొక్కెంగా వాడతాయి. మన రక్తంలోనే అది నిండా ఉంటే కొక్కెం తగిలించే చోట్లన్నీ ముందే నిండిపోతాయి, లెక్క తలకిందులవుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని గురించి హెచ్చరించింది, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షతో సహా. అక్కడి లెక్కలో పెద్దవాళ్లకు రోజుకు చాలినది 30 మైక్రోగ్రాములు. నా మాత్రలో దానికి మూడు వందల రెట్లకు పైగా ఉంది. ఎక్కువైతే మూత్రంలో పోతుందిలే అని అక్కకు నేనే ధైర్యం చెప్పాను. పోతుంది నిజమే, పోయేలోపు చేసే పని ఉంది కదా.

నా కోపం మాత్ర మీద కన్నా సీసా మీద. జుట్టు, చర్మం, గోళ్లు అని మూడు రంగుల్లో వేశారు. ‘ఔషధ వినియోగానికి కాదు’ అని కూడా ఉంది, అది చట్టం అడిగే మాట. రక్తపరీక్షకు ముందు ఆపమనే ఒక్క ముక్కకు మాత్రం చోటు దొరకలేదు. మందు కాదని వాళ్లే రాశారు, నేనూ డాక్టరుకు అదే చెప్పాను.

జుట్టు విషయం కూడా ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. జ్వరం తర్వాత రాలిన జుట్టు చాలామందికి కొన్ని నెలల్లో దానంతట అదే తిరిగి వస్తుందట. నాది మాత్ర వల్లే వచ్చిందో, నెలలు గడిచి వచ్చిందో చెప్పడం కష్టం. గోళ్లు మాత్రం పొరలుగా చీలడం తగ్గిందని ఇప్పటికీ అంటాను. థైరాయిడ్ తేడా లేనివాళ్లకు, ఏడాదికొకసారైనా రక్తం ఇవ్వనివాళ్లకు నా బాధ పట్టకపోవచ్చు.

75కి మళ్లీ వచ్చాక దుప్పటి అటకెక్కింది. నాలుగు కిలోల్లో ఒకటిన్నర దిగింది. సీసాలో ఇంకా పంతొమ్మిది మాత్రలున్నాయి, పారేయలేదు. డాక్టరు ఎవరైనా ఏమేమి వాడుతున్నారని అడిగితే బ్యాగులోంచి తీసి బల్ల మీద పెడుతున్నాను.