మనవడి కోసం కొన్న 1 లీటరు రైస్ కుక్కర్: అన్నవరం వెళ్లొచ్చాక రాస్తున్నాను

మా మనవడికి ఇప్పుడు 20 నెలలు. ఆర్నెల్ల కిందట వాడి కోసమని 1,350 రూపాయలు పెట్టి, ఒక లీటరు పట్టే ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ కొన్నాను. ఇంట్లో వాడుకోవడానికి కాదు, ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది. ఊరెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లడానికి. ఈ ఆర్నెల్లలో మూడు ప్రయాణాలు చేసింది. మొదటి రెండూ చిన్నవి. పోయిన మాఘమాసంలో 14 మందిమి కలిసి అన్నవరం వెళ్లాం కదా, అప్పుడే దీని మంచీ చెడూ పూర్తిగా తెలిశాయి. పసివాళ్లను తీసుకుని బంధువులందరితో బయల్దేరేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు అసలు ఎందుకు కొన్నానో చెప్పాలి. వాడికి 13 నెలలప్పుడు ఒక పెళ్లికి వెళ్లాం. మధ్యాహ్నం దారిలో ఒక హోటల్ దగ్గర ఆగితే పప్పులోనూ కారమే, సాంబారులోనూ కారమే. పెరుగు పుల్లగా ఉంది. ఇడ్లీ ముక్కను వేణ్నీళ్లలో తడిపి పెడితే రెండు ముద్దలు తిని ఉమ్మేశాడు. సాయంత్రం దాకా బిస్కెట్ల మీదే ఉన్నాడు. ఆకలికి ఏడుస్తున్నాడో నిద్రకు ఏడుస్తున్నాడో తెలియక, వ్యాన్‌లో ఉన్న పదిమందీ పది రకాల సలహాలు చెబుతుంటే మా అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. రాత్రికి వాడికి విరేచనాలు మొదలయ్యాయి. నేను 27 ఏళ్లు అంగన్‌వాడీలో పనిచేశాను. ఏడాది నిండిన పిల్లకు రోజుకు మూడు నాలుగు సార్లు అన్నం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి పెట్టాలని ఎంతమంది తల్లులకు చెప్పానో లెక్కలేదు. నా మనవడికే ఆ రోజు ఒక్కపూట సరైన తిండి పెట్టలేకపోయాను. ఆ బాధ మనసులో ఉండిపోయింది.

కుక్కర్ సంగతికొస్తాను. బరువు కిలోన్నర లోపే. లోపలి గిన్నె అల్యూమినియంది, మూత గాజుది. 400 వాట్లు, కాబట్టి ఫోన్ ఛార్జర్ పెట్టుకునే మామూలు చిన్న ప్లగ్గులోనే పనిచేస్తుంది. ఏసీకి, గీజర్‌కి ఉండే లావు పిన్నుల ప్లగ్గు వెతుక్కోనక్కర్లేదు. సత్రాల గదుల్లో ఇది పెద్ద సౌకర్యం. అరగంట వాడితే ఐదో వంతు యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. అడిగినవాళ్లకు ఈ లెక్క చెబితే సత్రం వాళ్లు కూడా కాదనలేదు.

ఇది పనిచేసే పద్ధతి తెలుసుకుంటే సగం ఇబ్బందులు తప్పుతాయి. అడుగున మధ్యలో బిళ్లలా ఒక అయస్కాంతం ఉంటుంది. గిన్నెలో నీళ్లు ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీళ్లన్నీ ఇగిరిపోగానే వేడి ఇంకొంచెం పెరుగుతుంది, ఆ అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, మీట టక్కుమని పైకి లేస్తుంది. పొడిపొడిగా ఉండే అన్నానికి ఇది చక్కగా సరిపోతుంది. పసివాడికి కావాల్సింది మెత్తగా, తడిగా ఉండే పప్పన్నం. అందులో నీళ్లు ఇగరవు కాబట్టి మీట దానంతటది లేవదు. 25 నిమిషాలు చూసుకుని మనమే ఆపాలి. మొదటిసారి మీట లేస్తుందని కూర్చుంటే అడుగంటి గిన్నెకు పట్టేసింది.

ఇంకొకటి. గిన్నె పెట్టేముందు దాని అడుగు తుడవాలి, లోపల ఆ బిళ్ల కూడా తుడవాలి. రెండో ప్రయాణంలో ఒక్క మెతుకు గిన్నె కింద ఎండిపోయి అతుక్కుని ఉంది, నేను చూడలేదు. గిన్నె సరిగ్గా ఆనలేదు. బియ్యం పలుకుగా ఉండగానే మీట లేచిపోయింది. కుక్కర్ పాడైందనుకుని మా అల్లుడు విప్పడానికి స్క్రూడ్రైవర్ కూడా తెచ్చాడు. ఆ మెతుకు గోటితో గీకి తీస్తే మళ్లీ మామూలుగా ఉడికింది.

నేను బయల్దేరేముందు చేసే పని ఒకటుంది. చారెడు బియ్యం, అందులో సగం పెసరపప్పు. పప్పును ముందే దోరగా వేయించి చల్లార్చి, బియ్యంతో కలిపి, చిన్న జిప్ కవర్లలో ఒక్కొక్క పూటకు ఒక్కొక్కటి కడతాను. అన్నవరానికి ఆరు కవర్లు పట్టుకెళ్లాను. గదికి వెళ్లగానే కడిగి, పావుగంట నానబెట్టి, ఐదింతల నీళ్లు పోసి, చిటికెడు జీలకర్ర పొడి వేసి పెట్టేయడమే. నెయ్యి చిన్న సీసాలో విడిగా ఉంటుంది. వేయించిన పప్పు నురగ తక్కువ కడుతుంది. గిన్నె సగానికి మించి నింపకూడదు. నింపితే నురగ మూత కిందనుంచి పొంగి ప్లగ్గు దాకా వస్తుంది. మెత్తగా అయ్యాక గరిటెతో మెదిపితే చాలు. చెంచాతో తీస్తే చెంచాలోనే నిలవాలి, జారిపోకూడదు. అంగన్‌వాడీలో తల్లులకు నేను చేసి చూపించింది ఇదే. నీళ్లలా ఉంటే కడుపు నిండినట్టుంటుంది కానీ బలం ఉండదు.

ఇక అన్నవరం. మా తమ్ముడి కొడుక్కి కొత్తగా పెళ్లయింది. కొత్త దంపతులతో సత్యనారాయణస్వామి వ్రతం చేయించాలని అందరం కలిసి వ్యాన్ మాట్లాడుకున్నాం. తెనాలి నుంచి 260 కిలోమీటర్ల పైమాటే. తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరాం. మేమిద్దరం, మా అమ్మాయి, అల్లుడు, పిల్లాడు, వియ్యపురాలు, మా తమ్ముడు, మరదలు, వాళ్లమ్మగారు, వాళ్ల చిన్నమ్మాయి, కొత్త జంట, మా బావగారు, తోటికోడలు. బావగారికి 78 ఏళ్లు, పళ్లు లేవు. ఆయన సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

రావులపాలెంలో మా పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క ఉంది. పొద్దున్నే చేరి మధ్యాహ్నం భోజనం అక్కడే. పిల్లాడికి వేళవుతోందని నేను సంచిలోంచి కుక్కర్ తీశాను. అక్క చూసి మాట్లాడలేదు. కాసేపటికి వంటింట్లోంచి, "ఏమే, మా ఇంట్లో నీ మనవడికి గిన్నెడు అన్నం దొరకదనుకున్నావా?" అంది. ఆ గొంతులో కోపం కన్నా నొప్పి ఎక్కువ ఉంది. నాకు చాలా కష్టంగా అనిపించింది. పద్నాలుగు మందికి పొద్దుటి నుంచి ఒంటిచేత్తో వండుతోంది ఆవిడ. పనసపొట్టు కూర, ముక్కల పులుసు, గారెలు. నేనేమో ఆ ఇంట్లో వేరే కుంపటి పెట్టినట్టయింది.

కుక్కర్ తీసుకెళ్లి అక్క చేతికే ఇచ్చాను. కవరు కూడా ఇచ్చాను. "ఇది నువ్వే పెట్టక్కా. వాడికి కారం పడదు, ఈ వేళ తప్పితే నిద్రలోకి జారుకుంటాడు. నీ చేత్తోనే తినిపించు" అన్నాను. అక్క కవరు విప్పి చూసి, ఇంత కాస్త పప్పేమిటని ఇంకో గుప్పెడు వేసింది. తన తోటలో కాసిన గుమ్మడికాయ ముక్క సన్నగా తరిగి అందులో పడేసింది. వేడి తగ్గాక వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అరటి చెట్లు చూపిస్తూ తినిపించింది. వాడు చిన్న గిన్నెడు తిన్నాడు. అప్పటినుంచి నా పప్పన్నంలో గుమ్మడి ముక్క కూడా చేరింది. ఎవరింటికైనా వెళ్లినప్పుడు ఇలాంటి వస్తువు బయటకు తీసేముందు ఆ ఇంటి ఇల్లాలికి ఒక మాట చెప్పండి. నేను చెప్పకుండా తీశాను, అది నా పొరపాటే.

రాత్రికి అన్నవరంలో గది. ఇక్కడే దీని అసలు లోపం బయటపడింది. వైరు మరీ పొట్టి, మూడడుగులు కూడా లేదు. గదిలో ప్లగ్గు అద్దం పక్కన, నడుమెత్తున ఉంది. కుక్కర్ కింద పెడితే వైరు అందదు. బల్ల అంచున పెడితే వైరు కిందికి వేలాడుతుంది. 20 నెలల పిల్లాడికి వేలాడేది ఏది కనిపించినా లాగాల్సిందే. మూతకున్న కన్నంలోంచి వచ్చే ఆవిరి చెయ్యి కాల్చేంత వేడిగా ఉంటుంది. నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. చివరికి బల్లను మూలకు జరిపి, దాని ముందు రెండు సూట్‌కేసులు అడ్డం పెట్టాం. "మీరు చూసుకోండి వదినగారూ, నేను ఇక్కడినుంచి కదలను" అని మా వియ్యపురాలు ఉడికినంతసేపూ కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. పిల్లాణ్ని మావారు వరండాలో తిప్పారు. ఈ ఒక్క విషయానికి నేను రెండు మార్కులు తీసేస్తాను. పిల్లల కోసం కొనేవాళ్లు వైరు పొడవు చూసే కొనండి.

మర్నాడు పొద్దున 5 గంటలకే లేచి ఒక కవరు వండి స్టీలు ఫ్లాస్కులో వేసుకున్నాను. వ్రతం, కథ, దర్శనం అన్నీ అయ్యేసరికి పిల్లాడి వేళ దాటిపోతుందని తెలుసు. వండిన అన్నం బయట ఊరికే పెట్టి రెండు గంటలు దాటితే పసివాళ్లకు పెట్టకూడదు. అందుకే పొగలు కక్కుతుండగానే మూత బిగించాలి. ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్లు పోసి పారబోసి, అప్పుడు అన్నం వేస్తే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది.

వ్రత మండపంలో వరసగా ఎన్నో జంటలు. మా మేనల్లుడు, కొత్త కోడలు పీటల మీద కూర్చున్నారు. కథ మూడో అధ్యాయంలో ఉండగా పిల్లాడు గొణగడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి వాణ్ని ఎత్తుకుని పక్కకు తీసుకెళ్లి ఫ్లాస్కు విప్పింది. పది నిమిషాల్లో తినేసి తల్లి భుజం మీద నిద్రపోయాడు. నేను గానీ ఇంకెవరు గానీ లేచి పరిగెత్తాల్సిన పని లేకపోయింది. కథ చివరిదాకా విన్నాను. మనవడు పుట్టాక నేను నిలకడగా కూర్చున్న మొదటి వ్రతం అదే. తర్వాత వాడు లేచాక ఆకు పొట్లం విప్పి ప్రసాదం పెట్టాం. గోధుమ నూక, నెయ్యి, ఆ ఆకు వాసన. వేళ్లు నాకి మళ్లీ నోరు తెరిచాడు.

మిగిలిన పప్పన్నం మా బావగారు అడిగారు. పళ్లు లేకపోవడంతో హోటల్ పూరీ, దోసె ఆయనకు కష్టం. ఎవరికీ చెప్పకుండా రెండు రోజులుగా మజ్జిగా అరటిపండుతో సరిపెట్టుకుంటున్నారని మాకు అప్పుడే తెలిసింది. ఆ పూట నుంచి కవరులో ఒక చారెడు ఎక్కువ వేసి, తాతకీ మనవడికీ కలిపి వండాను. లీటరు గిన్నెలో ఒక పెద్దాయనకీ ఒక పసివాడికీ సరిపోయింది. అంతకు మించి ఆశించకండి.

తిరుగు ప్రయాణంలో రాజమండ్రిలో ఒక రాత్రి లాడ్జిలో ఉన్నాం. గదిలో కుక్కర్ పెట్టకూడదన్నారు. నిప్పు ప్రమాదం భయం వాళ్లకుంటుంది, దొంగచాటుగా పెట్టొద్దు. కవరు వాళ్ల వంటమనిషికి ఇచ్చి విషయం చెబితే ఆయనే ఉడికించి ఇచ్చాడు. రైల్లో కూడా దీన్ని వాడకూడదు. బోగీల్లో ప్లగ్గులు ఫోన్ల కోసం పెట్టినవి. రైలైతే ఫ్లాస్కే దారి.

మా మరదలు తిరిగొచ్చిన వారానికే ఇలాంటిదే ఒకటి కొనుక్కుంది, వైరు పొడుగ్గా ఉన్నది చూసి. నా దాని గాజు మూత మాత్రం వ్యాన్‌లోంచి దింపేటప్పుడు అంచు పగిలింది. తెనాలిలో గిన్నెల కొట్టుకు కుక్కర్ పట్టుకెళ్లి, కొలత చూసి 60 రూపాయలకు స్టీలు మూత తెచ్చుకున్నాను. ఆవిరి పోవడానికి కొట్టతను దానికి చిన్న కన్నం పొడిచి ఇచ్చాడు. ఇప్పుడు అదే వాడుతున్నాను.