పాలమూరులో ఎకానమీ తరగతులు: పాఠానికి ఎక్కువ మార్కులు, నోట్సుకు తక్కువ

గ్రూప్-2 పరీక్షకు చదువుతున్న నేను మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో 1,800 రూపాయలు కట్టి నాలుగు ఆదివారాల ఎకానమీ తరగతులకు వెళ్లాను. అక్కడ చేరాలనుకునేవారి కోసం ఈ అభిప్రాయం రాస్తున్నాను. నాలుగింటిలో మూడో ఆదివారం గురించే ఎక్కువగా చెబుతాను. ఆ రోజు పాఠం కనీస వేతనం, యువతలో నిరుద్యోగం. డిగ్రీ చదివి జడ్చర్లలో ఒక మొబైల్ దుకాణంలో పనిచేస్తున్న తమ్ముడు ఇంట్లో ఉన్నందువల్ల ఆ పాఠం నాకు పరీక్ష కంటే దగ్గరగా తోచింది.

సెంటర్ ఇచ్చిన ముద్రిత నోట్సులో ఈ అంశానికి ఒకే వాక్యం ఉంది: కనీస వేతనం పెంచితే యువతలో నిరుద్యోగం పెరుగుతుందని. సార్ ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి పాఠం మొదలుపెట్టారు. అనుభవం లేని కుర్రవాడికి చట్టం చెప్పినంత జీతం ఇవ్వడం కంటే పనివాణ్ణి పెట్టుకోకపోవడమే మేలని యజమాని అనుకోవచ్చు కనుక ఆ వాదనలో తర్కం ఉందని ముందుగా ఒప్పుకున్నారు. తర్వాత ఒక్కో దేశాన్ని తీసుకుని ఆ తర్కం ఎంతవరకు నిలిచిందో చూపించారు.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 1992లో గంట వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచినప్పుడు, డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు అక్కడి ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను వేతనం పెరగని పొరుగు రాష్ట్రం పెన్సిల్వేనియా హోటళ్లతో పోల్చి, ఉద్యోగాలు తగ్గలేదని తేల్చారు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చిందన్న సమాచారం ఏ కోచింగ్‌లోనైనా దొరుకుతుంది. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ ఆ హోటళ్ల జీతాల రికార్డులు తీసుకుని ఆ ఫలితాన్ని సవాలు చేశారని కూడా చెప్పడం నాకు నచ్చింది, ఎందుకంటే ఆర్థికవేత్తల మధ్య వాదం ఇంకా ముగియలేదని విద్యార్థికి తెలియాలి.

అన్నిటికంటే విలువైన భాగం వయసును బట్టి వేతనం గురించి చెప్పినది. బ్రిటన్ 1999 ఏప్రిల్‌లో కనీస వేతనం తెచ్చినప్పుడు 22 ఏళ్లు, ఆపై వారికి గంటకు 3.60 పౌండ్లు, 18 నుంచి 21 ఏళ్ల వారికి 3 పౌండ్లు నిర్ణయించింది. జర్మనీ 2015లో 8.50 యూరోలతో మొదలుపెట్టి, వృత్తి శిక్షణ పూర్తిచేయని 18 ఏళ్లలోపు వారిని దాని నుంచి మినహాయించింది. చేతికొచ్చే జీతానికి ఆశపడి పిల్లలు అప్రెంటిస్ శిక్షణ వదిలేయకూడదన్నది అక్కడి ఆలోచన. గ్రీస్ 2012లో కనీస వేతనాన్ని 22 శాతం, పాతికేళ్ల లోపు వారికైతే 32 శాతం కోసింది. అయినా 2013లో అక్కడి యువతలో నిరుద్యోగం 50 శాతానికి పైనే ఉంది. దీన్ని చూసి వేతనం తగ్గించడమే నిరుద్యోగం పెంచిందని రాయకండని, ఆ దేశం అప్పటికే అప్పుల సంక్షోభంలో కూరుకుపోయి ఉందని సార్ వెంటనే హెచ్చరించారు. చట్టబద్ధమైన కనీస వేతనమే లేని స్వీడన్‌లో కూడా 2023లో యువత నిరుద్యోగం 20 శాతం దాటిందని చెప్పినప్పుడు, నోట్సులోని ఆ ఒక్క వాక్యం ఎంత పలచనిదో తరగతికంతా అర్థమైంది.

దేశాల మధ్య అంకెలు పోల్చేటప్పుడు నిర్వచనాలు చూడాలన్న మాట కూడా నాకు గుర్తుండిపోయింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ యువత అంటే 15 నుంచి 24 ఏళ్లని లెక్కిస్తే, మన దేశ కార్మిక సర్వే 15 నుంచి 29 ఏళ్ల వారిని లెక్కిస్తుంది. తండ్రి పత్తి చేనులో జీతం లేకుండా పనిచేసే కొడుకు ఆ సర్వేలో ఉద్యోగి కిందికే వస్తాడు. దేవరకద్ర వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి అది విని చాలాసేపు మాట్లాడలేదు.

లోపాలూ చెప్పాలి. మన చట్టాన్ని చివరి పది నిమిషాల్లో ముగించారు. 1948 కనీస వేతనాల చట్టం కింద రాష్ట్రాలు ఒక్కో రంగానికి విడివిడిగా, నైపుణ్యాన్ని బట్టి వేతనం నిర్ణయిస్తూ వచ్చాయని, 2019 వేతనాల కోడ్ దేశమంతటికీ ఒక కనీస స్థాయి ఉండాలన్నదని చెప్పి ఊరుకున్నారు. కాగితం మీది రేటు కార్మికుడి చేతికి అందకపోతే ఏ అధికారికి ఫిర్యాదు చేయాలన్నది పాఠంలో రాలేదు. తరతరాలుగా వలస కూలీలను పంపిన ఈ జిల్లాలో అది అడగకుండానే చెప్పాల్సిన సంగతి. గదిలో ఎనభై మందికి రెండే ఫ్యాన్లు. బిట్ బ్యాంకులో మాత్రం పాత వాక్యమే సరైన జవాబుగా అచ్చయింది. ఆ పేజీ మార్చమని రాతపూర్వకంగా ఇచ్చి వచ్చాను.

ఆ రాత్రి అన్నం దగ్గర పాఠమంతా తమ్ముడికి చెబితే, "మా దుకాణం ఏ లిస్టులకొస్తది అక్కా?" అని అడిగాడు. షాపులు, వాణిజ్య సంస్థలు అనే విడి పట్టిక తెలంగాణలో ఉందని మరునాడు నేనే వెతికి చూసుకుని చెప్పాను.