బిల్లులో ‘రేస్ రెడీ’ అని రాశారు, టైరులో మాత్రం చుక్క పోయలేదు: ఎంపోరియా వెళ్లేవారికి హెచ్చరిక

కాన్సస్‌లోని ఎంపోరియాలో జరిగే అన్‌బౌండ్ గ్రావెల్ సైకిల్ పందేనికి ఇంకా పది రోజులే ఉంది. లాటరీలో పేరు తగిలి, కంకర దారిలో తొలిసారి వంద మైళ్లు తొక్కబోతున్న తెలుగువాళ్లు డాలస్ నుంచీ కాన్సస్ సిటీ నుంచీ కొందరున్నారని తెలిసి ఇది రాస్తున్నాను. సైకిల్‌ను దుకాణంలో ఇచ్చి సిద్ధం చేయించుకుని, ఇక దాని జోలికి వెళ్లనక్కర్లేదని గ్యారేజీలో ఆనించి ఉంటే, ఈ సాయంత్రమే దించి చూడండి. నేను చూడలేదు.

ఫిబ్రవరిలో ఒక దుకాణంలో వాడిన గ్రావెల్ సైకిల్ కొన్నాను. తగాదా ఇంకా తేలలేదు కాబట్టి దుకాణం పేరు రాయను. సైకిల్ మంచిదే, ధరా న్యాయమే. ఏప్రిల్ చివర మళ్లీ అక్కడికే తీసుకెళ్లి 480 డాలర్లకు ఒక ప్యాకేజీ ఒప్పుకున్నాను. వెనక కొత్త టైరు, రెండు టైర్లలోనూ తాజా సీలెంటు (ట్యూబు లేని టైరులో కంతలు పూడ్చడానికి పోసే ద్రవం), కొత్త గొలుసు, బోల్టులన్నీ కొలత ప్రకారం బిగింపు, నా ఒంటికి తగ్గట్టు సీటూ హ్యాండిలూ సర్దడం. ఇవన్నీ నోటిమాటగా చెప్పినవి. బిల్లులో ఉన్నది ఒకటే వరుస: ‘రేస్ రెడీ’. విడివిడిగా రాసివ్వమని నేనూ అడగలేదు. ఇందులో సగం తప్పు నాదే.

మే రెండో శనివారం సాధనకని కాటన్‌వుడ్ ఫాల్స్ నుంచి బయలుదేరాం, నేనూ, కాలేజీలో నాకు నాలుగేళ్లు సీనియరైన ఒక అన్నా. ఆ గుట్టల పేరే ఫ్లింట్ హిల్స్, అంటే చెకుముకి రాళ్ల గుట్టలు. అక్కడి సున్నపురాయి అరిగిపోతుంది, అందులోని చెకుముకి అరగదు. ఆ రాళ్ల వల్లే అక్కడ నాగలి దిగలేదు, నిలువెత్తు గడ్డి మైదానం ఇప్పటికీ మిగిలింది. అదే రాయి పగిలితే అంచు బ్లేడులా ఉంటుంది. ఇరవై రెండో మైలు దగ్గర నా ముందు చక్రం బుస్సుమంది.

కోత వేలిగోరంత కూడా లేదు. లోపల సీలెంటు ఉండి ఉంటే తెల్లటి పాలలా నాలుగు చుట్లు చిమ్మి, తనంతట తానే మూసుకుపోవాల్సిన కంత అది. పాలు రాలేదు. కంతలో రబ్బరు ప్లగ్గు దూర్చాను. దాని పక్కల నుంచి గాలి పోతూనే ఉంది, ప్లగ్గు చుట్టూ సందులు పూడ్చాల్సిందీ ఆ ద్రవమే కదా.

“తమ్ముడూ, దుకాణం నుంచి తెచ్చుకున్నాక చక్రాన్ని చెవి దగ్గర పెట్టి ఊపి చూశావా?” అన్నారు అన్న. కొబ్బరికాయను కొనేముందు ఊపుతాం, నాలుగు వందల ఎనభై డాలర్లు పోసిన చక్రాన్ని ఊపలేదు.

సరే, ట్యూబు వేసుకుందామంటే ముందు చక్రానికున్న వాల్వును తీయాలి, దాని మొదట్లో ఉండే చిన్న నట్టు కదలలేదు. వేళ్లతో బిగించాల్సిన ఆ నట్టును పట్టకారుతో బిగించారు. పళ్ల గాట్లు దాని మీద స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఫోనుకు సిగ్నల్ లేదు, కంచె అవతల పశువులు తప్ప ఎవరూ లేరు. అన్న సంచీలో బొటనవేలంత పట్టకారు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే సైకిల్‌ను నడిపించుకుంటూ వెనక్కి రావాల్సిందే. పందెం రోజున కూడా బయటివాళ్ల సాయం నిర్దేశించిన మజిలీల్లోనే దొరుకుతుంది, మధ్యలో మీ చేతులే మీకు దిక్కు.

టైరు ఊడదీశాక లోపల చూస్తే, పొయ్యి మీద మరిచిపోయిన పాలగిన్నె అడుగులా ఉంది. పాత యజమాని కాలపు సీలెంటు ఎండి, పొరలు పొరలుగా లేచి, ఒకచోట గోలీకాయంత ఉండ చుట్టుకుని ఉంది. తడి అన్న మాటే లేదు. గ్రావెల్ సైకిల్ టైరులో 60 నుంచి 90 మిల్లీలీటర్ల దాకా పోస్తారు. బాగా ఎండలుంటే రెండు నెలలకు, లేకపోతే ఇంకొంత కాలానికి అది ఆరిపోతుంది. నేను సైకిల్ తెచ్చుకుని అప్పటికి 19 రోజులు. తర్వాత ఫోన్లో దుకాణదారు చెప్పిన కారణం వినండి: “ఎండకు ఆరిపోయి ఉంటుంది.” కాన్సస్‌లో, ఏప్రిల్ చివర, మా గ్యారేజీ నీడలో!

తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. అక్కడి బురదను అమెరికన్లు వేరుశనగ వెన్నతో పోలుస్తారు. గుంటూరు జిల్లా వాడిని, నాకు అది రేగడే, చెప్పులకు అంటుకుంటే ఇంటిదాకా వదలనిది. 2023 పందెంలో మొదట్లోనే అలాంటి బురద తగిలి చాలామంది సైకిళ్లను భుజాన మోశారు, వెనక గేరు విరిగి ఆగిపోయినవారూ ఉన్నారు. నా సంగతికొస్తే, వెనక వేసిన కొత్త టైరు 50 మిల్లీమీటర్లది. ఫ్రేముకు తయారీదారు చెప్పిన హద్దు 45. నేను ముందే అడిగితే “ఇప్పుడు అందరూ వెడల్పువే వేస్తున్నారు” అన్నారు. పొడి నేల మీద బాగానే తిరిగింది. బురద చేరగానే పావు మైలులో చక్రం బిగుసుకుపోయింది. ఇంటికొచ్చి కడిగి చూస్తే, బురదలో ఇరుక్కున్న గులకరాళ్లు ఫ్రేము లోపలి వైపు రంగును గీకేసి కార్బన్ నల్లగా బయటపడి ఉంది. గొలుసు డబ్బులు తిరిగి రావచ్చు, ఇది రాదు. మీ టైరుకూ ఫ్రేముకూ మధ్య రెండు పక్కలా చిటికెన వేలు దూరకపోతే సన్నటి టైరు వేయించుకోండి. రంగుల దుకాణంలో రంగు కలపడానికి ఇచ్చే చెక్క పుల్ల ఒకటి జేబులో పెట్టుకోండి, బురద గీకడానికి దాన్ని మించింది లేదు.

ఆ రాత్రి నుంచి నాకు అన్నింటి మీదా అనుమానమే. గొలుసును కొలిచాను. దీనికి ప్రత్యేకంగా పట్టీ అమ్ముతారు, లేకపోయినా పిల్లల స్కేలు చాలు. ఒక పిన్ను మధ్య సున్నా పెట్టి, అక్కడి నుంచి 24 లంకెలు లెక్కపెట్టండి. కొత్త గొలుసైతే సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వచ్చిందంటే అరశాతం సాగిందన్నమాట. 11, 12 గేర్ల గొలుసును అక్కడే మార్చేయాలి, లేకపోతే అది కాసెట్టును, అంటే వెనక చక్రం మీది గేరు పళ్ల చక్రాల గుత్తిని, తినేస్తుంది, దాని ధర గొలుసుకు ఎన్నో రెట్లు. నా ‘కొత్త’ గొలుసు ఆ గీత దాటిపోయింది. అది బిగించాక నేను తొక్కింది రెండు వందల మైళ్లు కూడా లేదు. పైకి మాత్రం పెళ్లికూతురిలా మెరుస్తోంది, కడిగి మైనం పూశారు. ఒక లంకెను పక్కకు వంచితే సందులోంచి నల్లటి ఇసుక రాలింది.

బోల్టుల గురించి ఎక్కువ చెప్పను. హ్యాండిల్‌ను పట్టుకునే నాలుగింటి మీద, ఎంత బిగించాలో చెప్పే కొలత, 5 న్యూటన్ మీటర్లు అని అచ్చువేసి ఉంది. ఒకటి వేళ్లతోనే తిరిగింది.

ఇక ఒంటి సంగతి. కొలతల పేరుతో పది నిమిషాల్లో సీటు ఎత్తేసి పంపారు, మూడో రోజుకే మోకాలి వెనక నరం లాగింది. పైగా కౌంటర్ దగ్గర ఒక పొడి డబ్బా అంటగట్టి, గంటకు 120 గ్రాముల పిండిపదార్థం తాగమన్నారు, పెద్ద రేసర్లు అదే తాగుతారట. తాగుతారేమో, నెలల తరబడి కడుపుకు అలవాటు చేశాక. నేను రెండో గంటకే రోడ్డు పక్కన వంగి కక్కాను. కొత్తవాళ్లకు గంటకు 60 గ్రాములు చాలు. గ్లూకోజూ ఫ్రక్టోజూ కలిసినదైతే, ముందు సాధనలో తట్టుకుంటేనే 90కి వెళ్లాలి. పందెం రోజున కొత్త పొడి తెరవకండి. పులిహోర పొట్లం కట్టుకెళ్లి తొక్కే అన్న నాకన్నా హాయిగా ఉన్నారు.

దుకాణం వాళ్లు గొలుసు డబ్బులు ఇస్తామన్నారు, కూలీ ఇవ్వమన్నారు, ఫ్రేము గీతల మాటెత్తితే “బురదలో తొక్కింది మీరే కదా” అన్నారు. నేను క్రెడిట్ కార్డు సంస్థకు రాశాను. ఒప్పుకున్న పని చేయలేదని అభ్యంతరం చెప్పాలంటే, ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంటు పంపిన రోజు నుంచి 60 రోజుల్లోగా, లిఖితపూర్వకంగా చెప్పాలి. దుకాణంతో మంచిమాటలాడుతూ ఆ గడువు పోగొట్టుకోకండి. ఎండిన సీలెంటు పొరలనూ పాత గొలుసునూ ఫోటోలు తీసి, కవర్లో భద్రంగా పెట్టాను. పట్టకారు గాట్లున్న నట్టును కూడా.

సీలెంటు నేనే పోసుకున్నాను, గొలుసు మార్చాను, వెనక 42 మిల్లీమీటర్ల టైరు వేశాను. శుక్రవారం సాయంత్రం కమర్షియల్ స్ట్రీట్‌లో ఉంటాను. గొలుసు కొలిచే పట్టీ, బోల్టులు కొలిచి బిగించే రెంచీ, అన్న ఇచ్చిన చిన్న పట్టకారు నా సంచీలో ఉంటాయి. కావలసినవాళ్లు మొహమాటపడకుండా అడగండి.