మాండెలిక్ యాసిడ్ 10 శాతం సీరం: రెండేళ్లు వాడాక

మొటిమ తగ్గిపోయినా దాని నల్లమచ్చ నెలల తరబడి వదలని చామనఛాయ చర్మానికి, ఇంట్లో వాడుకోదగ్గ యాసిడ్లలో నా ఓటు మాండెలిక్‌కే. పని నెమ్మది. ఆ నెమ్మది కోసమే దీన్ని ఎంచుకోవాలి. తొందరపడి రోజూ రాశారో, ఏ మచ్చలు పోగొట్టుకుందామని కొన్నారో అవే మచ్చలు కొత్తగా వచ్చి కూర్చుంటాయి.

నెమ్మదికి కారణం అణువు పరిమాణం. గ్లైకోలిక్ యాసిడ్ అణుభారం 76, లాక్టిక్‌ది 90, మాండెలిక్‌ది 152. మూడూ చేసే పని ఒకటే: పై పొరలో మృతకణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పట్టును సడలిస్తాయి. చిన్న అణువు గబగబా లోపలికి దిగుతుంది, మంట కూడా దానితోపాటే దిగుతుంది. మాండెలిక్ నిదానంగా, అన్నిచోట్లా ఒకేలా ఇంకుతుంది. మన చర్మంలో రంగు తయారుచేసే కణాలు చాలా చురుకు. దోమ కుట్టి గోకినా, వేడి నూనె చుక్క పడినా నల్లగా మచ్చ కట్టేది అందుకే. అలాంటి చర్మానికి మంట పుట్టించని యాసిడే మేలు. పైగా మాండెలిక్‌కు తోటి ఆల్ఫా హైడ్రాక్సీ యాసిడ్ల (గ్లైకోలిక్, లాక్టిక్ లాంటివి) కంటే నూనెలో కలిసే గుణం ఎక్కువ, సూక్ష్మక్రిములను అణిచే గుణమూ కొంత ఉంది. జిడ్డు ముఖానికి, మొటిమల ముఖానికి ఇది నప్పడానికి ఆ రెండూ కారణాలు.

జర్మన్‌లో ‘మాండెల్’ అంటే బాదం. 1831లో చేదుబాదం నుంచి తీసిన అమిగ్డాలిన్‌ను హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో వేడిచేసినప్పుడు దీన్ని కనుగొన్నారు, పేరు అలా వచ్చింది. అంతమాత్రాన బాదం నూనె రాసుకుంటే ఇదే ఫలితం వస్తుందనుకోవద్దు. మనం తినే తియ్యబాదంలో ఇది ఉండదు.

‘పెరుగులో లాక్టిక్ యాసిడ్ ఉంది కదా, సీసా ఎందుకు?’ అని చాలామంది అడుగుతారు. పెరుగులో అది సుమారు ఒక శాతం. పెరుగు పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.5 దగ్గర ఉంటుంది కాబట్టి ఆ ఒక్క శాతంలోనూ ఐదో వంతుకు మించి పనిచేసే స్థితిలో ఉండదు. శనగపిండి, పెరుగు కలిపి రాసుకుంటే ముఖం మెత్తబడుతుంది, హాయిగా ఉంటుంది, తప్పేం లేదు. మచ్చలు మాత్రం దానితో పోవు. నిమ్మరసం జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, పైగా నిమ్మజాతి రసం అంటిన చోట ఎండ తగిలితే చర్మం కాలినట్టయి నల్లటి చారలు పడే ప్రమాదం ఉంది.

కొనేటప్పుడు శాతం ఒక్కటే చూస్తే సరిపోదు, పీహెచ్ కూడా చూడాలి. మాండెలిక్ పీహెచ్ 3.4 దగ్గర సగం మేరకు పనిచేసే రూపంలో ఉంటుంది. పీహెచ్ 3.5 ఉన్న సీసాలో దాదాపు 45 శాతం, 4 ఉన్న సీసాలో 20 శాతం మాత్రమే ఆ రూపంలో ఉంటుంది. అంటే రెండింటి మీదా ‘10 శాతం’ అనే రాసి ఉన్నా, ఒకటి రెండోదానికి రెట్టింపు ఘాటు. మొదటిసారి వాడేవాళ్లు 5 శాతమైనా, పీహెచ్ 4 దగ్గరున్న 10 శాతమైనా తీసుకోవచ్చు. పీహెచ్ 3.5 కంటే తక్కువున్నది ఇంట్లో అవసరం లేదు. 30, 40 శాతం ‘పీల్’ అని అమ్మే సీసాలు డాక్టర్ చేతిలో, నిమిషాలు లెక్కపెట్టి కడిగేయాల్సినవి. వాటిని రాసుకుని పడుకునే సీరంతో కలిపి ఆలోచించకండి.

ముందు దవడ పక్కన, చెవి కింద రూపాయి బిళ్లంత మేర రాసి చూడాలి. రోజు విడిచి రోజు మూడుసార్లు రాసినా దురద, ఎరుపు రాకపోతేనే ముఖానికి.

వాడకం రాత్రిపూటే. ఘాటు లేని ఫేస్‌వాష్‌తో కడగండి, ఒంటి సబ్బు వద్దు. సబ్బు క్షారం, చర్మం స్వతహాగా కాస్త ఆమ్లం వైపు ఉంటుంది. సబ్బుతో బిగుసుకున్న ముఖం మీద యాసిడ్ పడితే చుర్రుమంటుంది. మెత్తటి తువ్వాలుతో అద్ది, ఓ పది నిమిషాలు పూర్తిగా ఆరనివ్వాలి. తడి చర్మంలోకి యాసిడ్ త్వరగా, ఎక్కువగా దిగుతుంది. చర్మానికి తేమ పట్టి ఉంచే హైలురోనిక్ సీరాన్ని తడి ముఖానికి రాయడం అలవాటైనవాళ్లు దీన్నీ అలాగే రాసి మంటని తిట్టుకుంటారు.

ముక్కు పక్క మడతలు, పెదాల మూలలు, కంటి కొలకులు: ఈ మూడు చోట్లా పలచగా పెట్రోలియం జెల్లీ పూయాలి. సీరం జారి నిలిచేది అక్కడే, ముందుగా పొట్టు రేగేదీ అక్కడే. కనురెప్పలకు, పెదాలకు అసలు రాయకూడదు. ముఖమంతటికీ 4, 5 చుక్కలు చాలు. వేలి కొసల మీద వేసుకుని నుదురు, చెంపలు, గడ్డం మీద అద్దుతూ పరచాలి, రుద్దకూడదు. డ్రాపర్ కొస చర్మానికి తగలనివ్వకండి. తర్వాత పది నిమిషాలు ఆగి మాయిశ్చరైజర్ రాయాలి. ఈ సీరాలు చాలావరకు జిగటగా ఉంటాయి, ఆరకుండానే క్రీము పూస్తే చిన్న చిన్న ఉండలుగా లేచి రాలిపోతుంది. పొడిచర్మం వాళ్లు క్రమం తిప్పి, ముందు పలచగా మాయిశ్చరైజర్, దాని మీద సీరం రాయవచ్చు. బలం కాస్త తగ్గుతుంది, చర్మం నిలబడుతుంది. అమెరికా, కెనడా చలికాలంలో హీటర్ నడిచే గదుల్లో ఉండేవాళ్లకు ఈ పద్ధతే మంచిది.

రాసిన నిమిషం, రెండు నిమిషాలు కొద్దిగా చీమలు పాకినట్టుంటే ఫరవాలేదు. ఐదు నిమిషాలు దాటినా మంట తగ్గకపోతే చల్లటి నీళ్లతో కడిగేసి, మాయిశ్చరైజర్ రాసి ఆ రాత్రికి వదిలేయాలి.

మొదటి రెండు వారాలు వారానికి ఒక్క రాత్రి. మూడో వారం నుంచి ఆరో వారం దాకా రెండు రాత్రులు. ఆపైన చర్మం ఒప్పుకుంటే మూడు, అంతే. సోమ, గురువారాలు అని రోజులు ఖాయం చేసుకుంటే లెక్క తప్పదు. రెండేళ్లలో వారానికి మూడుకు మించి వాడాల్సిన అవసరం నాకు ఎప్పుడూ కనపడలేదు.

అదే రాత్రి మొటిమలకు రాసే అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్, విటమిన్ ఎ జాతికి చెందిన రెటినాల్, మరో యాసిడ్ వద్దు. వాటికి వేరే రాత్రులు కేటాయించి, మధ్యలో కనీసం ఒక రాత్రి ఉత్త మాయిశ్చరైజర్‌తో సరిపెట్టాలి. సున్నిపిండి నలుగు, వాల్‌నట్ స్క్రబ్ కూడా ఒలిచేవే. మాండెలిక్ వాడుతున్నన్నాళ్లూ ముఖానికి నలుగు మానేయడం మంచిది, పండగనాడు ఒంటికి పెట్టుకోండి. త్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్ ఉంటే మూడు రోజుల ముందు ఆపి, అయ్యాక మరో మూడు రోజులు ఆగాలి. వ్యాక్స్‌తో పాటు పై చర్మం ఊడొచ్చి పైపెదవి మీద నల్లటి గీత పడిందంటే చాలాసార్లు ముందు రాత్రి యాసిడ్ రాసి ఉంటారు. మగవాళ్లు గడ్డం గీసుకున్న రోజు రాత్రి రాయకూడదు.

ఫలితం ఎప్పుడు? రెండు, మూడు వారాలకు నుదురు చేతికి నున్నగా తగులుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు తెల్లటి చిన్న గింజల్లాంటివి తగ్గుతాయి. మచ్చల సంగతి వేరు. చర్మం పై పొర పూర్తిగా మారడానికే దాదాపు నాలుగు వారాలు పడుతుంది, కాబట్టి కొత్త గోధుమరంగు మచ్చకు మూడు నెలలు, పాతబడి ముదిరినదానికి ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ. అద్దంలో రోజూ చూస్తే తేడా తెలియదు. రెండు వారాలకోసారి అదే కిటికీ పక్కన, అదే వేళకు ఫొటో తీసుకుంటే తెలుస్తుంది. ఎర్రగా మిగిలిన మచ్చల మీద దీని ప్రభావం తక్కువ, ఎందుకంటే అవి రంగు వల్ల వచ్చినవి కావు, రక్తనాళాల వల్ల వచ్చినవి. గుంటలు పడిన మచ్చలు ఏ సీరానికీ లొంగవు. పుట్టుకతో వచ్చిన ఛాయ మారదు, మారాల్సిన పనీ లేదు.

మొదట్లో కొందరికి మొటిమలు పెరుగుతాయి. ఎప్పుడూ వచ్చే చోటే వచ్చి, త్వరగా పండి, నాలుగు నుంచి ఆరు వారాల్లో సర్దుకుంటే అది లోపల ఉన్నవి బయటపడటం. ఎన్నడూ రాని చోట దురదతో పొక్కులు వస్తే చర్మానికి పడలేదని అర్థం, ఆపేయాలి. నుదుటి మీద అన్నీ ఒకే సైజులో, దురదగా, చెమట పట్టినప్పుడు ఎక్కువయ్యే పొక్కులుంటే ఫంగస్ కావచ్చు. దానికి మందు వేరు, డాక్టర్‌కు చూపించాలి.

మితిమీరితే కనిపించే మొదటి గుర్తును చాలామంది మంచి లక్షణమనుకుంటారు: ముఖం పాలిథిన్ కవరులా నిగనిగలాడుతుంది. జిడ్డు ఉండదు, బిగుతు ఉంటుంది. ఆ తర్వాత ఉత్త నీళ్లు తగిలినా, రోజూ వాడే మాయిశ్చరైజర్ రాసినా మంట. అప్పుడు యాసిడ్, విటమిన్ సి, రెటినాల్ అన్నీ ఆపేసి, ఘాటు లేని ఫేస్‌వాష్, సెరమైడ్ (చర్మం పై పొరలో సహజంగా ఉండే కొవ్వు) ఉన్న మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ ఈ మూడింటితోనే రెండు నుంచి నాలుగు వారాలు గడపాలి. మంట పూర్తిగా పోయాక, మొదటి వారంలో మొదలుపెట్టినట్టే మళ్లీ మొదలుపెట్టాలి. ఆపిన చోటి నుంచి అందుకుంటే పది రోజుల్లో అదే పరిస్థితి.

సన్‌స్క్రీన్ విషయంలో బేరం లేదు. ఈ జాతి యాసిడ్లు ఎండకు చర్మాన్ని సున్నితం చేస్తాయి, వాడటం ఆపాక కూడా ఓ వారం దాకా ఆ ప్రభావం ఉంటుంది. కాబట్టి రాసిన మర్నాడు మాత్రమే కాదు, ప్రతి ఉదయం ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండుకున్నంత రాయాలి. బయట తిరిగితే రెండు గంటలకోసారి మళ్లీ. ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ దొరికితే మచ్చలున్నవాళ్లకు ఇంకా మేలు, కంటికి కనిపించే వెలుతురు వల్ల ముదిరే నలుపును కూడా అది కొంత ఆపుతుంది. రోహిణి కార్తె ఎండల్లో బండి మీద తిరగక తప్పనివాళ్లు వారానికి ఒక్క రాత్రికి తగ్గించుకోండి. ఆ రెండు వారాలు పూర్తిగా ఆపినా పోయేదేమీ లేదు.

ఒక వర్గం వాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీములు నెలల తరబడి రాసి, మానేస్తే ముఖం ఎర్రబడి మండుతోందంటే, ఆ చర్మం అప్పటికే పలచబడి ఉంటుంది. మోమెటాసోన్ (ఇదే స్టెరాయిడ్), హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిసిన ట్యూబు మీ దగ్గరుంటే పేరు చదివి చూసుకోండి. దానికి యాసిడ్ తోడైతే గాయం మీద కారమే. ముందు చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు, తామర (ఎగ్జిమా), ముఖం ఎర్రబడుతుండే రోజేసియా ఉన్నవాళ్లు, గర్భిణులు కూడా డాక్టర్‌ను అడిగాకే. మంగుకు సొంత వైద్యం వద్దు.

ముఖానికే కాదు, వీపు మీది మొటిమలకు, చంకలకు కూడా ఇది పనికొస్తుంది. చంకల్లో వారానికి రెండు రాత్రులు రాస్తే వాసన తగ్గుతుంది, నలుపు మాత్రం చాలా నిదానంగా పలచబడుతుంది. వెంట్రుకలు తీసిన రెండు రోజుల దాకా అక్కడ రాయకూడదు.

30 మిల్లీలీటర్ల సీసా, రాత్రికి 5 చుక్కల లెక్కన సుమారు 120 సార్లు వస్తుంది. వారానికి మూడుసార్లయితే తొమ్మిది నెలలు, రెండుసార్లయితే ఏడాది దాటుతుంది. సీసా మీద తెరిచాక 12 నెలలని ఉంటే మిగిలింది పారేయాల్సిందే, అందుకే రెండో సీసా ముందే కొని పెట్టుకోవద్దు. మాండెలిక్ యాసిడ్ వెలుతురు తగిలితే మెల్లగా రంగు మారుతుంది. బాత్రూమ్ కిటికీ గూట్లో కాకుండా బీరువాలో ఉంచి, తెరిచిన తేదీని మార్కర్‌తో అడుగున రాసిపెట్టుకోండి.