‘తుప్పు పట్టని కోటింగ్’కు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

దుకాణం నుంచి ఇంటికి వచ్చి ఇంకా గంట కాలేదు. గోళ్లలో ఇరుక్కున్న తుప్పు కూడా వదల్లేదు. సైకిలుతో పాటు ‘తుప్పు రక్షణ ప్యాకేజీ’ని అంటగట్టే ఆ షోరూమ్ ఏదో ఇది చదివేవారిలో సగం మందికి తెలుసు కనుక పేరు రాయడం లేదు.

వెనుకటి కథ క్లుప్తంగా చెబుతాను. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద ఆదివారాలు తొక్కాలన్న సరదాతో మే నెలలో గేర్ల సైకిల్ కొన్నాను. అల్యూమినియం ఫ్రేమ్ ఖరీదు ఎక్కువని ఉక్కు ఫ్రేమ్ తీసుకుని, ఏదో మిగిల్చానని మురిసిపోయాను. నిజాంపేటలోని మా అపార్ట్‌మెంటులో సెల్లారంతా కార్లదే కాబట్టి సైకిలును ప్రహరీ గోడ వారన మట్టి నేల మీద నిలపాల్సిందే; తొక్కే దారికి ప్రభుత్వం పైకప్పు వేసింది గానీ, నిలిపే చోటుకు నేను వేసుకోలేకపోయాను. ఆ సంగతి చెప్పగానే యజమాని ముఖం వెలిగింది. “సార్, మీరు బేఫికర్‌గా ఉండండి. లోపలా బయటా కోటింగ్ కొట్టిస్తాను, పైన మన వాటర్‌ప్రూఫ్ కవర్ వేయండి. హుస్సేన్ సాగర్‌లో ముంచి తీసినా ఏడాది దాకా తుప్పు అనేదే ఉండదు” అని చెప్పి, 1,800 రూపాయలు తీసుకుని, విజిటింగ్ కార్డు వెనుక ‘కోటింగ్ – 1 సం. గ్యారంటీ’ అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ప్యాకేజీకి విడిగా బిల్లు అడిగితే నమ్మనట్టు ఉంటుందేమోనని మొహమాటపడిన మహానుభావుణ్ణి నేనే.

ఆగస్టులో మూడు వారాలు ఖమ్మంలో ఉండి, మొన్న వచ్చి కవర్ ఎత్తి చూస్తే లోపలి వైపంతా చెమట పట్టినట్టు నీటి బొట్లు వేలాడుతున్నాయి. చైన్‌ను వేలితో ఎత్తితే వంగిన లంకె వంగినట్టే, ఎండు పుల్లలా బిగుసుకుని ఉండిపోయింది. ఫ్రేమ్ మీద గోరుతో గీకితే ఆ గొప్ప కోటింగ్ పాల మీద మీగడలా పొరగా లేచి వచ్చింది. దాని కింద నారింజ రంగు పొడి. మా వీధి చివరి మెకానిక్ సీటు రాడ్డు ఊడబీకి సైకిలును తలకిందులు చేసేసరికి ఫ్రేమ్ గొట్టంలో నుంచి టీ డికాక్షన్ లాంటి నీళ్లు బుడబుడమంటూ కారాయి. సీటు రాడ్డును ఒక్కసారైనా బయటికి తీసిన గుర్తే లేదని, లోపల కొట్టడమన్నది జరగనే లేదని ఆయన తేల్చాడు. చైన్‌కు నూనె కావలసింది పైన కాదు, పిన్నుకూ రోలరుకూ మధ్యన. వీళ్లు వార్నిష్ లాంటిదాన్ని పైన కొట్టి ఆ సందులు మూసేశారు కాబట్టి, ఆ తరువాత నేను పోసిన నూనె కూడా లోపలికి దిగలేదట.

ఇక ఈరోజు జరిగిన మర్యాద. నేను కార్డు చేతికిస్తే యజమాని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇందుల కోటింగ్‌కు గ్యారంటీ అని ఉంది, తుప్పుకు అని ఏడ ఉంది?” అన్నాడు. మేలో ‘సార్’గా ఉన్న నేను సెప్టెంబరుకు ‘భయ్’ అయిపోయాను. “ఏంది భయ్, వానల పెట్టుకుంటే తుప్పు పట్టక పూలు పూస్తయా?” అనగానే పక్కనున్న ఇద్దరు కుర్రాళ్లు, సైకిల్ కొనడానికి పిల్లవాడితో వచ్చిన ఒక తండ్రి కూడా నవ్వారు. అంతటితో ఆగినా బాగుండేది. కొత్త చైన్, ఫ్రీవీల్ వేసి మళ్లీ అదే కోటింగ్ కొట్టడానికి “నీకు కాబట్టి మూడు వేల రెండొందలు” అని ధర చెబుతూ, మాటల మధ్యలోనే ఆ కార్డును గల్లాపెట్టెలో వేసుకుని సొరుగు మూశాడు. తిరిగి ఇమ్మంటే “ఏ కార్డు?” అన్నాడు. సంతకం చేసిన చేతితోనే సొరుగుకు తాళం వేస్తూ నా కళ్లలోకి చూసి అడిగిన ఆ రెండు మాటలే ఇప్పటికీ చెవుల్లో గింగురుమంటున్నాయి. రోజూ తినే టిఫిను ప్లేటుకు కూడా ఫోటో తీసే నేను, ఆ కార్డుకు మాత్రం తీసుకోలేదు.

యూపీఐలో కట్టిన 1,800 లెక్క ఫోనులో ఉంది కనుక, రేపు ఉదయం జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేస్తున్నాను. అమ్మిన వస్తువుకు, చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడాన్నే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది కాబట్టి, బిల్లు లేదు గనుక చేసేదేమీ లేదనుకోకండి.

ఆరుబయట సైకిల్ పెట్టక తప్పనివారికి మెకానిక్ చెప్పిన నాలుగు మాటలు కూడా రాసేస్తాను, ఇవి నాకు మేలో తెలిసి ఉంటే బాగుండేది. నేల దాకా దిగే ప్లాస్టిక్ కవర్ వాన నీటిని ఆపుతుంది గానీ మట్టిలో నుంచి లేచే ఆవిరిని బంధిస్తుంది, రాత్రి చల్లబడగానే అది నీరై ఇనుము మీదే పడుతుంది. కాబట్టి కవర్ అడుగున గాలి ఆడాలి, చక్రాల కింద ఇటుకలైనా చెక్కైనా ఉండాలి, ఎండ రాగానే కవర్ తీసేయాలి. చైన్‌ను గుడ్డతో తుడిచి లంకెకు ఒక చుక్క చొప్పున నూనె వేసి, కాసేపటికి పైన మిగిలింది తుడిచేస్తే చాలు. తడిని తరిమే స్ప్రే ఉన్నా, అది నూనెకు బదులు కాదు. సీటు రాడ్డుకు గ్రీజు పూస్తే గొట్టంలోకి నీరు దిగడం తగ్గుతుంది, పెడళ్ల ఇరుసు కింద ఫ్రేమ్‌కు నీరు పోయే చిల్లు ఉంటే మట్టితో మూసుకుపోకుండా చూసుకోవాలి.

ఆ వాటర్‌ప్రూఫ్ కవర్‌ను మా వాచ్‌మన్ తన కట్టెల మోపు మీద కప్పుకుంటానని అడిగితే ఇచ్చేశాను. అడుగున నాలుగు చిల్లులు పెట్టుకొమ్మని మాత్రం చెప్పాను.